మాత్రలు మానేసిన న్యూస్‌రీడర్

1979 అక్టోబరు. దక్షిణ ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టర్ల మధ్య ఉన్న ఒక డిస్పెన్సరీలో నేను మెడికల్ ఆఫీసర్ని. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులూ, వాళ్ల కుటుంబాలూ మా రోగులు. అక్కడ తెలుగు డాక్టర్ని నేనొక్కదాన్నే కాబట్టి చుట్టుపక్కల సెక్టార్ల తెలుగువాళ్లంతా నా గది ముందు లైన్లోనే నిలబడేవాళ్లు. జలుబుకి మందు రాయించుకుని, పనిలో పనిగా ఊరి కబుర్లు కూడా చెప్పుకుని వెళ్లేవాళ్లు. మాది కాకినాడ. నాకు నోరు కాస్త ఎక్కువ, తొందర ఇంకా ఎక్కువ. "డాక్టర్ సాహిబా రోగం పేరు వినకముందే చీటీ రాసేస్తుంది" అని మా కాంపౌండర్ నవ్వేవాడు.

అంత సర్వీసులో ఎన్ని జ్వరాలు చూశానో, ఎన్ని దగ్గులు చూశానో నాకే తెలీదు. వాటిలో చాలావరకు మర్చిపోయాను. ఈ ఒక్క కేసు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఎందుకో మీరే చూడండి.

సుభద్రది కరీంనగర్. భర్త మురళి ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంట్. అంతకు ముందు ఏడాది రెండో కాన్పు తర్వాత ఆమెకి డిప్రెషన్ వచ్చింది. నేనే చూసి పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులు డాక్టర్ ఖన్నా దగ్గరికి పంపాను. ఆయన ఇమిప్రమీన్ అనే మందు మొదలుపెట్టారు. డిప్రెషన్‌కి అప్పట్లో మా చేతిలో ఉన్న మంచి మందుల్లో అదొకటి. రోజుకి మూడు మాత్రలు. నాలుగైదు వారాలకి ఆమె పిల్లని ఎత్తుకుంది, ఇంకొన్నాళ్లకి నవ్వింది. ఆ తర్వాత ఒకరోజు మా లైన్లో నిలబడి పక్కామెతో హిందీలో పోట్లాడింది కూడా. ఆ పోట్లాట విని నేను లోపల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

బాగయ్యాక ఆమె ఇంట్లో ఊరికే కూర్చోలేదు. అప్పట్లో రేడియోలో తెలుగు జాతీయ వార్తలు ఢిల్లీ నుంచే వెళ్లేవి. ఇంగ్లీషులో వచ్చిన కాగితాన్ని చకచకా తెలుగు చేసుకుని, గంట కొట్టినట్టు చదవాలి. పర్మనెంటు వాళ్లు సెలవు పెట్టినప్పుడు పిలవడానికి కొంతమంది క్యాజువల్ న్యూస్‌రీడర్లు ఉండేవాళ్లు. సుభద్ర వాళ్లలో చేరింది. మా ముందు కరీంనగర్ మాట, మైకు ముందు అచ్చు పుస్తకం! ఆ గొంతు విన్నవాళ్లెవరూ ఆవిడే ఈవిడ అంటే నమ్మేవాళ్లు కాదు. ఇంతలో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. వాయిస్ టెస్టుకి రమ్మని ఆమెకి పిలుపొచ్చింది. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి చెప్పింది. నేను ఎగిరి గంతేశాను.

ఆ టెస్టు వచ్చే సోమవారం అనగా, ఆరు రోజుల ముందు మంగళవారం పొద్దున మురళి ఆమెని పట్టుకుని నడిపించుకుంటూ నా గదిలోకి తీసుకొచ్చాడు.

మనిషి వాడిపోయి ఉంది. ఫ్యాను లేకపోయినా చల్లగా ఉండే రోజులవి. ఆమె జాకెట్టు మాత్రం చెమటతో తడిసిపోయింది. కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"నాకు మల్ల అదే వచ్చింది డాక్టరమ్మా" అంది. "నిద్ర వడ్తలేదు. జర కన్ను మూస్తే చాలు, ఏవేవో కలలు. ఏం తిన్నా కక్కుడే. ఇగ నాతోని కాదు."

మురళి మొహంలో నెత్తురు చుక్క లేదు. "మొన్న ఆదివారం సంది గిట్లనే ఉంది మేడమ్. పోయినేడు ఎట్ల భయపడ్డనో మీకు ఎర్కనే గదా. మల్ల అంత దూరం రానియ్య. గురువారం రైలుకు టికెట్లు తీసిన. వాళ్లమ్మ దగ్గర దిగబెట్టి వస్త."

"మరి టెస్టు?" అన్నాను.

"టెస్టు పాడుగాను మేడమ్, మనిషి దక్కితే సాలు. రేడియో వాళ్లకు రానని చెప్పేస్త."

ఆ మాటకి సుభద్ర భోరుమని ఏడ్చింది. "సోమవారం పోయిందంటే ఇగ నన్ను ఎవ్వరు పిలువరు డాక్టరమ్మా. పిచ్చిది, మల్ల మంచాన పడ్డదంటరు."

నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. పోయినేడు నేను చూసిన సుభద్ర ఏడవలేదు. గోడకేసి చూస్తూ బొమ్మలా కూర్చునేది. పిల్ల ఏడ్చినా, ఇల్లు తగలబడినా ఆమెకి పట్టేది కాదు. ఇప్పుడు కుర్చీలో నిలవలేకపోతోంది, పైగా టెస్టు పోతుందని ఏడుస్తోంది. డిప్రెషన్ అనేది ముందుగా ఆశని తినేస్తుంది. ఈమెని ఏడిపిస్తున్నదే ఆశ. ఇది పాత రోగంలా లేదే అనుకున్నాను.

మరి ఏమిటి? జ్వరం చూశాను, లేదు. కళ్లు పచ్చబడలేదు. నెల తప్పిందా అని అడిగాను, లేదంది. కడుపు నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. అలా చూస్తూ ఉండగా ఆమె మాట మధ్యలో ఆగి గుటక వేసింది. మళ్లీ రెండు మాటలు, మళ్లీ గుటక. చేతి రుమాలుతో పెదవుల చివర తుడుచుకుంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఇమిప్రమీన్ వేసుకునేవాళ్లకి నోరు ఎండిపోతుంది. అది ఆ మందు గుణం. అంతకు ముందు నెలల్లో సుభద్ర ఎప్పుడొచ్చినా చేతిలో నీళ్ల సీసా ఉండేది, ప్రతిసారీ అదే ఫిర్యాదు చేసేది. ఆ మనిషి నోట్లో ఇప్పుడు మింగలేనంత నీళ్లెలా వచ్చాయి?

మురళిని కౌంటర్ దగ్గర ముద్ర వేయించుకు రమ్మని బయటికి పంపాను. ముద్ర అవసరమేమీ లేదు. అతను తలుపు దాటగానే కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాను.

"నోట్లో నీళ్లు ఊరుతున్నాయా సుభద్రా?"

"అవు. ఉమ్మలేక సస్తున్న."

"మాత్రలు ఎప్పుడు మానేశావు?"

ఆమె తలుపు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "మీకెట్ల తెలిసె?"

నాకు ఎగిరి గంతేయాలనిపించింది! రోగి ఎదురుగా అలా చేయకూడదు కాబట్టి బల్ల అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆమె అప్పుడు మొత్తం చెప్పుకొచ్చింది.

మైకు ముందు కూర్చుంటే నోరు ఎండి నాలుక అంగిటికి అంటుకుంటోందట. మాట మాటకీ నాలుక విడివడేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది. మనకి ఎదురుగా కూర్చుంటే వినపడదు, మైకు మాత్రం దాన్ని పట్టేస్తుంది. అద్దం అవతల రికార్డింగ్ చూసే ఆయన ఒకరోజు, "మేడమ్, ఆప్ కే ముహ్ మే టిక్ టిక్ హో రహా హై" అన్నాడట, నోట్లో టిక్ టిక్‌మంటోందని. వార్తలు చదివేవాళ్లకి అంతకన్నా అవమానం లేదు. టెస్టులో ఆ టిక్కు వినపడితే పోస్టు పోయినట్టే అని ఆమె లెక్కేసుకుంది. ఎలాగూ బాగైపోయింది కదా, ఇక మాత్రలెందుకు అనుకుని పోయిన శుక్రవారం నుంచి మూడు మాత్రలూ ఒక్కసారిగా ఆపేసింది. గొంతు కోసం పెరుగు మానేసినట్టే దీన్నీ మానేసింది.

"ఆయనకు చెప్పలే" అంది. "లైన్ల నిలబడి తెస్తడు గదా. పారేస్తే తిడ్తడని బియ్యం డబ్బల దాసిపెట్టిన."

మందు మానేసిన రెండు రోజులకే ఒళ్లంతా ఇలా ఎదురు తిరగడాన్ని మేము విత్‌డ్రాయల్ అంటాం. ఆమెకి నేను చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి నెడుతున్నారనుకోండి. ఒకడు చెప్పకుండా తప్పుకుంటే రెండోవాడు దబ్బున ముందుకి పడతాడు. మందు ఇన్నాళ్లూ నోటిని ఎండబెడుతూ, కడుపుని మెల్లగా నడిపిస్తూ వచ్చింది. శరీరం దానికి ఎదురుగా నెట్టడం నేర్చుకుంది. మందు మాయమయ్యేసరికి నెట్టే శరీరం ఒక్కటే మిగిలింది. అందుకే నోట్లో నీళ్లు, వాంతులు, చెమటలు, నిద్రలో పిచ్చి కలలు.

"అంటే నేను ఆ మాత్రలకు అలవాటైన్నా? తాగుబోతోళ్ల లెక్క?"

"కాదు. తాగుబోతుకి మళ్లీ తాగాలనిపిస్తుంది. నీకు మాత్ర వేసుకోవాలని ఒక్కసారైనా అనిపించిందా?"

"ఛీ! దాని మొకం సూడబుద్ధి కాలే."

"మరింకేం."

చెప్పడం బాగానే చెప్పాను గానీ నా ఊహ నిజమని రుజువేదీ? ఒకవేళ పాత రోగమే తిరగబెడుతూ ఉంటే? డాక్టర్ ఖన్నాకి ఫోన్ చేశాను. లైను కలిసేలోపు నా కాలు బల్ల కింద ఆడుతూనే ఉంది. ఆయన నిదానస్తుడు. మొత్తం విని, "అచ్ఛా, థూక్ జ్యాదా ఆ రహా హై?" అని మొదట లాలాజలం సంగతే అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నా ఊహ సరైనదేననిపించింది.

"ఇలాంటివాళ్లని నేనూ చూశాను" అన్నారాయన. "మందు మళ్లీ మొదలుపెట్టి చూడు. రిలాప్స్ అయితే, అంటే పాత రోగమే తిరగబెడితే, ఈ మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. విత్‌డ్రాయల్ అయితే ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. మూడు అక్కర్లేదు, రెండు చాలు. రెండూ రాత్రి పడుకునే ముందే ఇవ్వు. నోరు ఎండిపోయే ఘడియలన్నీ నిద్రలో గడిచిపోతాయి."

ఎంత తేలికైన పరీక్ష! రక్తం తీయనక్కర్లేదు, ఎక్స్‌రే అక్కర్లేదు. రెండు మాత్రలు వేయాలి, చూడాలి. పాత డిప్రెషనా, మానేసిన మందా అన్నది గురువారం రైలు కదిలేలోపే తేలిపోతుంది.

మురళిని లోపలికి పిలిచాను. సుభద్ర తనే చెప్పింది.

"బియ్యం డబ్బల్నా?" అన్నాడు అతను. "నాకు చెప్తే నేను వద్దంటుంటినా?"

"అంటుంటివి" అంది సుభద్ర.

అతను కొంచెం ఆలోచించి, "అవు, అంటుంటి" అని ఒప్పుకున్నాడు. ఆ పరిస్థితిలోనూ ముగ్గురికీ నవ్వొచ్చింది.

టికెట్లు వెంటనే వాపసు చేయమని నేను అనలేదు. "గురువారం పొద్దున దాకా ఆగండి. ఆమె ఇలాగే ఉంటే నేనే స్టేషనుకి పంపిస్తాను" అన్నాను. ఈలోగా మనసు బరువెక్కినా, ఏవైనా చెడ్డ ఆలోచనలు వచ్చినా ఏ వేళైనా సరే మా క్వార్టర్‌కి రమ్మని, ఆమెని ఒంటరిగా వదలొద్దని మురళికి గట్టిగా చెప్పాను.

బుధవారం నేను రోగుల్ని చూశానో, తలుపుని చూశానో నాకే తెలీదు. ఒక సర్దార్జీ దగ్గుతూ ఉంటే కడుపు ఎలా ఉందని అడిగానట. సాయంత్రం ఓపీడీ మూసే వేళకి మురళి వచ్చాడు. పరుగున వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. మంచి వార్తో చెడు వార్తో అర్థంకాక నేను లేచి నిలబడ్డాను.

"పప్పన్నం తిన్నది మేడమ్" అన్నాడు. "తిని కక్కలే. పగటీలి రెండు గంటలు పండుకున్నది. లేచి నాతోని కొట్లాడింది."

"దేనికి?"

"టికెట్లు ఇంక ఎందుకు వాపసు జెయ్యలేదని!"

ఆ మాట విని నేను చప్పట్లు కొట్టాను. కాంపౌండర్ లోపలినుంచి తొంగి చూసి, "క్యా హువా మేడమ్, ప్రమోషన్?" అన్నాడు. ప్రమోషన్ వచ్చినా నాకు అంత ఆనందం ఉండేది కాదు.

గురువారం పొద్దున సుభద్ర తనే నడిచి వచ్చింది. చెమట లేదు, గుటకల్లేవు. కాళ్లు కొంచెం నీరసంగా ఉన్నాయంది. ఆ రైలు వాళ్లు లేకుండానే వెళ్లిపోయింది.

అయితే అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది. మందు వేసుకుంటే నోరు ఎండుతుంది, టిక్ టిక్ వస్తుంది. మానేస్తే మంచాన పడుతుంది. రాత్రిపూట రెండే మాత్రలు కాబట్టి పగలు ఎండటం తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఎంత మిగిలిందో వినాలి. శనివారం ఓపీడీ అయ్యాక రమ్మన్నాను.

మా డిస్పెన్సరీ హాల్లో బల్లలు ఖాళీ అయ్యాక ఆమె చేతికి ఆనాటి ఇంగ్లీషు పేపరు ఇచ్చాను. "మొదటి పేజీ తెలుగులో చదువు" అన్నాను. నేను హాలు చివర కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఆమె నడుం నిటారుగా పెట్టింది. అంతే! కరీంనగర్ మాట ఎటు పోయిందో. వరదలు, మంత్రివర్గం, గోధుమ ధర అన్నీ నిండు తెలుగులో ప్రవహించుకుంటూ వచ్చాయి. మందుల కోసం ఆలస్యంగా వచ్చిన ఇద్దరు పంజాబీ ఆంటీలు ఒక్క ముక్క అర్థంకాకపోయినా అలాగే నిలబడిపోయారు. సగం పేజీకి వచ్చాక టిక్కు వినపడింది. ఒకటి, తర్వాత ఇంకొకటి.

ఆమె మొహం మాడిపోయింది. నేను మా కాంపౌండర్ టీలోకి దాచుకున్న పటికబెల్లం డబ్బా తెచ్చాను. చదవబోయే ముందు ఒక ముక్క బుగ్గన పెట్టుకుని, నోరు తడవగానే తీసేసి, ఒక గుక్క నీళ్లు తాగి మొదలుపెట్టమన్నాను. పేరాకీ పేరాకీ మధ్య ఊపిరి తీసుకునే చోట నాలుకని పళ్ల వెనక ఒకసారి తిప్పమన్నాను. ఇందులో వైద్యశాస్త్రం ఏమంత లేదు, మా అమ్మమ్మ హరికథలవాళ్లకి చెప్పేలాంటి చిట్కా అది. రెండోసారి చదివితే మొత్తం పేజీకి ఒక్క టిక్కు వచ్చింది. మూడోసారి రాలేదు. ఆంటీలు చప్పట్లు కొట్టారు. "క్యా బాత్ హై! బేటీ కౌన్సీ భాషా బోల్ రహీ హై?" అని ఒకావిడ అడిగింది. "తెలుగు" అని సుభద్ర గర్వంగా జవాబిచ్చింది.

సోమవారం ఆమె టెస్టుకి వెళ్లింది. కొంగున పటికబెల్లం ముడి వేసుకుని వెళ్లిందని మురళి చెప్పాడు. చివరి కాగితం అప్పటికప్పుడు ఇంగ్లీషులో చేతికిచ్చి చదవమన్నారట. ఎక్కడా ఆగలేదట. అద్దం అవతల ఆ పాత రికార్డింగ్ ఆయనే ఉన్నాడట. అయిపోయాక బొటనవేలు పైకెత్తి చూపించాడని ఆమె నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

ఉత్తర్వులు రావడానికి డిసెంబరు అయింది. చలిలో ఒక పొద్దున మా కాంపౌండర్ తన ట్రాన్సిస్టర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లైన్లో ఉన్న తెలుగువాళ్లంతా గదిలోకి వచ్చేశారు, మిగతావాళ్లు వాళ్ల వెనక ఎందుకొచ్చామో తెలియకుండానే వచ్చారు. "వార్తలు, చదువుతున్నది సుభద్ర" అని వినపడగానే గదిలో గోల. నేను అందరినీ కసిరి నోరు మూయించాను. నాకు వార్తలు అక్కర్లేదు. టిక్కు వస్తుందా రాదా అన్నదే నాకు కావాలి. వార్తలు ముగిసేదాకా ఊపిరి బిగబట్టి విన్నాను. రాలేదు! ఆ రోజు మొదటి రోగికి నేను రాసిన చీటీలో నా అక్షరాలు నాకే అర్థం కాలేదు.

మీరు గమనించారో లేదో, ఆ రోజు గాలిలో వినపడిన ఆ గొంతు ఇంకా మందు మీదే ఉంది. డాక్టర్ ఖన్నా తొందరపడొద్దన్నారు. ఆమె నిలకడగా ఉందని చూసుకున్నాక రెండు మాత్రలు ఒకటి చేశారు. ఆ ఒకటి తీసేయడమే అన్నిటికన్నా కష్టమయింది. ఒకసారి సగానికి తగ్గించబోతే మళ్లీ పిచ్చి కలలు, చెమటలు వచ్చాయి. పైగా చక్కెర పూత మాత్ర, కత్తి పెడితే ముక్కలైపోయేది. అదే మందు చిన్న మాత్రలుగా దొరుకుతుంది గానీ మా స్టోర్లో లేదు. ప్రత్యేకంగా ఇండెంట్ పెట్టి, అంటే మా స్టోర్లో లేని మందుని బయటి కెమిస్టు నుంచి తెప్పించమని రాసి, సంపాదించాం. వాటితో మెల్లమెల్లగా దించుకుంటూ వచ్చాం. కాస్త కలత వస్తే అక్కడే ఆగేవాళ్లం. తగ్గాక మళ్లీ ఒక మెట్టు దిగేవాళ్లం. హోలీ రంగులు ఆరేసరికి ఆఖరి మాత్ర కూడా ఆగిపోయింది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఆమె మనసు ఎలా ఉందో మురళి, నేను, ఖన్నా ముగ్గురం కనిపెట్టుకునే ఉన్నాం.

ఆఖరి మాత్ర అయిపోయాక ఆమె వచ్చి నా ఎదురుగా కుదురుగా కూర్చుంది. "మొదటిసారి తరిమిన్నని మీద పడ్డది డాక్టరమ్మా" అంది. "ఈసారి బొట్టువెట్టి సాగనంపిన. సప్పుడు జెయ్యకుంట పోయింది."

ఆ కేసుకి ముందువరకూ గదిలోకి వచ్చిన ప్రతి రోగినీ "ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇంకో ప్రశ్న కూడా అడిగాను: "ఏ మందు మానేశారు? ఎందుకు మానేశారు?" 'ఎందుకు' అన్న ఆ రెండో ముక్కని నా దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టర్లు చాలామంది వదిలేసేవాళ్లు. మందు మానేశానంటే చాలు, రోగిని చివాట్లు పెట్టడానికి సిద్ధమైపోయేవాళ్లు. వాళ్లకి సుభద్ర కథ చెప్పేదాన్ని. ఆమె మొండితనంతో మానలేదు, నిర్లక్ష్యంతో మానలేదు. డిప్రెషన్ ఆమె నుంచి లాక్కున్న ఇష్టాన్ని ఆ మందే తిరిగి తెచ్చిచ్చింది. ఆ ఇష్టం కోసమే ఆమె మందుని మానేసింది. ఆ సంగతి ఆమె నోటితోనే చెప్పించుకోగలిగితే వైద్యం సగం అయిపోయినట్టే.